మాస్టారి మాట: నలభై ఏళ్ళ తరవాత నాలుగు గొంతులు

పిల్లలూ!

మొన్న ఒక ఆదివారం సాయంత్రం నేను వసారాలో కూర్చుని పత్రిక చదువుకుంటున్నాను. ఆరో తరగతి చదివే మా మనమరాలు లోపలినుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతయ్యా, అబ్బా!" అన్నది.

నేను ఉలిక్కిపడి, "ఏమయిందే? కాలికి దెబ్బ తగిలిందా?" అని అడిగాను.

"దెబ్బా కాదు, గిబ్బా కాదు. అబ్బా అంటే పాటలు పాడేవాళ్ళు. మా స్నేహితురాలి ఇంట్లో విన్నాను. మళ్ళీ వినాలి, నీ ఫోను ఇయ్యి," అన్నది.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే ఆ పేరు నాకు కొత్తది కాదు. నేను కాలేజీలో చేరిన కొత్తలో మా హాస్టలులో ఒక కుర్రవాడి దగ్గర టేప్ రికార్డరు ఉండేది. రాత్రి చదువులు అయాక వాడు అబ్బావారి పాటలు పెట్టేవాడు. మాలో చాలామందికి ఆ ఇంగ్లీషు సరిగా తెలిసేది కాదు. ఐనా వరండాలో నిలబడి వినేవాళ్ళం.

సరే, ఫోను ఇచ్చాను. ఇద్దరమూ కలిసి రెండు పాటలు విన్నాం. అయిపోయాక మనమరాలు కొంచెంసేపు ఆలోచించి, "తాతయ్యా, మొదటి పాటలో వీళ్ళ గొంతులు సన్నగా ఉన్నాయి. రెండో పాటలో లావుగా ఉన్నాయి. వీళ్ళూ వాళ్ళూ ఒకరేనా?" అని అడిగింది.

దాని చెవి మంచిదే! "ఒకరే. ఐతే ఆ రెండు పాటలకూ మధ్య నలభై ఏళ్ళకు పైగా గడిచిపోయాయి," అన్నాను.

"మరి ముసలివాళ్ళయాక మళ్ళీ పాడటం ఎందుకు? పాత పాటలు బాగానే ఉన్నాయిగా?"

ఈ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి ఒక కారణం ఉన్నది. అది చివర చెబుతాను. ముందు ఆ నలుగురి కథ వినండి.

ఐరోపా ఖండంలో ఉత్తరాన స్వీడను అనే దేశం ఉన్నది. అక్కడ చలికాలం పొడుగు, పగలు పొట్టి. 1970 ప్రాంతాల ఆ దేశపు జనాభా అంతా కలిసి సుమారు 80 లక్షలు. అటువంటి చిన్న దేశంలో నలుగురు పాటగాళ్ళు కలుసుకున్నారు. అగ్నెతా ఫెల్ట్‌స్కోగ్, బ్యోర్న్ ఉల్వేయస్, బెన్నీ అండర్సన్, అన్నీ-ఫ్రిడ్ లింగ్‌స్టాడ్ అని వాళ్ళ పేర్లు. నాలుగోఆమెను అందరూ ఫ్రీదా అంటారు. ఈ నాలుగు పేర్ల మొదటి ఇంగ్లీషు అక్షరాలు వరసగా పెడితే "అబ్బా" అవుతుంది. తమాషా ఏమిటంటే, స్వీడనులో అప్పటికే అదే పేరుతో చేపలను నిలవచేసి అమ్మే కంపెనీ ఒకటి ఉన్నది. వీళ్ళు ఆ కంపెనీవారిని అడిగి, వారు సరేనన్న తరవాతనే ఆ పేరు వాడుకున్నారు.

ఈ నలుగురూ గాలివాటుగా పైకి వచ్చినవాళ్ళు కారు. అగ్నెతా తాను రాసి పాడిన పాటతో 17 ఏళ్ళకే తన దేశంలో మొదటి స్థానం సంపాదించింది. ఫ్రీదా పుట్టింది నార్వే దేశంలో. పసితనంలోనే అమ్మమ్మ ఆమెను స్వీడనుకు తీసుకువచ్చింది. తల్లి పోయాక అమ్మమ్మే ఆమెను పెంచింది. 13 ఏళ్ళకే ఫ్రీదా వాద్యబృందాలతో పాడసాగింది. బ్యోర్న్ జానపద గీతాలు పాడే బృందంలో ఉండేవాడు. ఇక బెన్నీ సంగతి ముఖ్యంగా చెప్పాలి. అతనికి ఆరేళ్ళప్పుడు ఇంట్లోవాళ్ళు అకార్డియన్ ఇచ్చారు. తండ్రీ, తాతా ఇద్దరూ అది వాయించేవాళ్ళు. వాళ్ళే అతనికి గురువులు.

అకార్డియన్ మీరు చూశారా? మన హార్మోనియానికి దగ్గర చుట్టమే అది. హార్మోనియాన్ని కింద పెట్టి వాయిస్తాం. దాన్ని మెడకు తగిలించుకుని, రెండు చేతులమధ్య సాగదీస్తూ, నొక్కుతూ వాయిస్తారు. రెండింటిలోనూ గాలి తగిలితే కదిలే సన్నని లోహపు రేకులే పలుకుతాయి. వాటిని రీడ్లు అంటాం. ఈ రీడ్ల సంగతి గుర్తుంచుకోండి. దీనితో మనకు ఇప్పుడే పని పడుతుంది.

అబ్బావారి పాట వింటే ఇద్దరు ఆడవాళ్ళు పాడుతున్నట్టు ఉండదు, ఒక గుంపు పాడుతున్నట్టు ఉంటుంది. నలుగురు మనుషులు అంత మోత ఎలా తెచ్చారు? ఈ రహస్యం వాళ్ళ రికార్డింగు ఇంజనీరు మైకేల్ ట్రెటో కనిపెట్టాడు. అమెరికాలో 1960 తరవాత ఒక రికార్డుల నిర్మాత ఒకే గదిలో పెద్ద సంఖ్యలో వాద్యగాళ్ళను కూర్చోబెట్టి, ఒక వాద్యాన్నే ఇద్దరు ముగ్గురిచేత వాయించి, గోడలాంటి నిండైన శబ్దం రాబట్టేవాడు. ట్రెటో ఆ సంగతి ఒక పుస్తకంలో చదివాడు. కాని స్టాక్‌హోంలో అంతమందిని పిలవడానికి డబ్బేదీ? అందుచేత అతను ఒక ఉపాయం చేశాడు. ఉన్న కొద్దిమందిచేతనే ఒకసారి వాయించి, అదే మళ్ళీ రెండోసారి వాయించి, రెండూ కలిపాడు. ఐతే రెండోసారి రికార్డు చేసేటప్పుడు టేపు వేగాన్ని పిసరంత మార్చాడు. టేపు వేగం మారితే శ్రుతి మారుతుంది. అందుచేత రెండో మోత మొదటిదానితో అచ్చంగా అతుక్కుపోక, వెంట్రుకవాసి తేడాతో పక్కన నిలబడింది. 1973లో వచ్చిన "రింగ్ రింగ్" అనే పాటకు ఇలా మొదటిసారి చేశారు.

ఆ వెంట్రుకవాసి తేడా ఎందుకు? ఇది ధ్వనిశాస్త్రం, కాస్త శ్రద్ధగా వినండి. ఒక రీడు సెకనుకు 440 సార్లు కంపిస్తున్నది అనుకోండి. పక్కన మరొక రీడు 442 సార్లు కంపిస్తున్నది. రెండూ కలిసి మోగితే ఏమవుతుంది? ఒక క్షణం రెండు అలలూ ఒకదానికొకటి తోడై ధ్వని పెరుగుతుంది. మరుక్షణం ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి పోయి ధ్వని తగ్గుతుంది. ఈ పెరగటం, తగ్గటం సెకనుకు సరిగ్గా రెండుసార్లు జరుగుతుంది. 442 లోనుంచి 440 తీసివేస్తే రెండే గదా! ఈ ఊగిసలాటను విస్పందనాలు అంటారు. తేడా మరీ ఎక్కువైతే చెవికి అపశ్రుతి. అసలే లేకపోతే ధ్వని పలచన. కొద్దిగా ఉంటే ధ్వనికి నిండుతనం వస్తుంది, ప్రాణం వస్తుంది.

అకార్డియన్‌లో ఒక మెట్టుకు రెండు మూడు రీడ్లు బిగించి, వాటిమధ్య కావాలనే కొద్ది తేడా పెడతారు. మన ఊళ్ళో రామభజన జరిగేటప్పుడు ఇరవైమంది ఒక గొంతుగా పాడుతారు గదా! నిజానికి ఏ ఇద్దరి గొంతూ ఒకటి కాదు. ఆ కొద్ది కొద్ది తేడాలవల్లనే భజన అంత నిండుగా వినిపిస్తుంది. అగ్నెతా, ఫ్రీదా కూడా తమ పాటలను తామే రెండు మూడు సార్లు ఒకదానిపై ఒకటి పాడేవాళ్ళు. ఇద్దరు మనుషులు ఒక భజన అయారన్నమాట!

ఈ శ్రమ ఫలించింది. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో ఐరోపా దేశాల పాటల పోటీ జరిగింది. అబ్బావారు "వాటర్‌లూ" అనే పాట పాడి గెలిచారు. ఆ పోటీలో స్వీడను గెలవటం అదే మొదటిసారి. 1976లో వచ్చిన "డాన్సింగ్ క్వీన్" పాట మరుసటి ఏడు అమెరికాలో కూడా మొదటి స్థానం అందుకున్నది.

మన దేశంలోకి కూడా వాళ్ళ వరసలు వచ్చాయి. 1977లో "హమ్ కిసీసే కమ్ నహీఁ" అనే హిందీ సినిమాకు ఆర్. డి. బర్మన్ సంగీతం కూర్చాడు. అందులోని ఒక పాట నడకలో అబ్బావారి "మమ్మా మియా" స్పష్టంగా వినిపిస్తుంది. మా హాస్టలులో దీని మీద రెండు కక్షలు ఏర్పడి వాదించుకునేవి. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని! తారీఖులు చూసుకునే ఓపిక మాత్రం ఎవరికీ లేదు.

మరొక సంగతి మీకు ఇష్టంగా ఉంటుంది. 1979ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ బాలల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు జనవరి 9న న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి మహాసభ మందిరంలో పాట కచేరీ జరిగింది. అబ్బావారు అక్కడ "చికితీతా" అనే పాట పాడి, దానిమీద తమకు వచ్చే హక్కుల సొమ్ములో సగం పిల్లల సంక్షేమం చూసే యునిసెఫ్ సంస్థకు ఇచ్చారు. అప్పటికి మీ అమ్మానాన్నలలో చాలామంది పుట్టి కూడా ఉండరు.

ఇక కథలో కష్టమైన భాగం. అగ్నెతా, బ్యోర్న్ భార్యాభర్తలు. ఫ్రీదా, బెన్నీ కూడా భార్యాభర్తలే. 1980, 81 సంవత్సరాలలో రెండు జంటలూ విడిపోయాయి. పెద్దవాళ్ళ జీవితాలలో ఒక్కొక్కప్పుడు ఇలా జరుగుతుంది. ఇది చదివేవారిలో ఎవరి ఇంట్లోనైనా జరిగిందేమో, అందులో పిల్లల తప్పు ఏమీ ఉండదని మాత్రం మాస్టారి మాటగా గుర్తుపెట్టుకోండి. ఆ నలుగురూ మనస్సులో బాధ పెట్టుకుని కూడా ఒకే గదిలో కూర్చుని 1981లో "ది విజిటర్స్" అనే ఆల్బం పూర్తిచేశారు. మరుసటి ఏడు చివరకు కలిసి పనిచేయటం ఆగిపోయింది. పోట్లాట లేదు, ప్రకటన లేదు. బడి వదలగానే ఎవరి దారిన వాళ్ళు ఇళ్ళకు పోయినట్టు పోయారు.

పాడేవాళ్ళు ఆగిపోయినా పాట ఆగలేదు. విచిత్రం అక్కడే ఉన్నది. 1992లో వాళ్ళ పాత పాటలను ఏర్చి కూర్చి "అబ్బా గోల్డ్" అని వేశారు. బ్రిటనులో ఎక్కువగా అమ్ముడుపోయే ఆల్బముల పట్టికలో అది 2021 నాటికి 1000 వారాలు ఉన్నది. అంతకు ముందు ఏ ఆల్బమూ అన్ని వారాలు ఉండలేదు. 1999 ఏప్రిల్ 6న, అంటే బ్రైటన్ గెలుపు తరవాత సరిగ్గా 25 ఏళ్ళకు, ఆ పాటలతో అల్లిన "మమ్మా మియా!" నాటకం లండనులో మొదలైంది. 2008లో అది సినిమాగా వచ్చింది. అమెరికా గాయని మడోనా 2005లో తన పాటకోసం అబ్బావారి ఒక వాద్యపు వరస కావాలనుకుని, ఉత్తరం రాసి మనిషిచేత స్టాక్‌హోం పంపి అనుమతి అడిగింది. బెన్నీ, బ్యోర్న్ అటువంటి అనుమతి ఇవ్వటం అరుదు. ఆమెకు ఇచ్చారు.

అన్నిటికన్న పెద్ద ప్రభావం వాళ్ళ సొంత దేశంలోనే కనిపిస్తుంది. చిన్న దేశంనుంచి, పరాయి భాషలో పాడి కూడా ప్రపంచాన్ని మెప్పించవచ్చునని వాళ్ళు చూపించారు. వాళ్ళ తరవాత ఆ దారినే ఎందరో నడిచారు. వారిలో మాక్స్ మార్టిన్ అనే ఆయన 1971లో పుట్టాడు. 1990 తరవాత అమెరికాలో మారుమోగిన పాటలలో చాలావాటికి వరస కట్టినది ఈయనే. స్వీడనులో పురపాలక సంఘాలు పిల్లలకు సంగీతం నేర్పే బడులు నడుపుతాయి. మాక్స్ మార్టిన్ తన విద్యకు ఆ బడులే కారణమని చెప్పుకున్నాడు. జీవితమంతా బడిలో గడిపిన నాకు ఈ మాట ఎంత తీపిగా ఉంటుందో మీరు ఊహించగలరు. టైముటేబులులో సంగీతం పీరియడును లెక్కల పరీక్షకోసం ఎత్తివేసే పెద్దలు దీనిని రెండుసార్లు చదవాలి.

ఇన్నేళ్ళూ "మళ్ళీ కలిసి పాడండి" అని లోకం వాళ్ళను అడుగుతూనే ఉన్నది. 2000 సంవత్సరంలో దేశదేశాలు తిరిగి కచేరీలు చేయటానికి వంద కోట్ల డాలర్లు ఇస్తామన్నారట. వాళ్ళు వద్దన్నారు. డబ్బుకోసం చేయనిపని తరవాత ఇష్టంకొద్దీ చేశారు. లండనులో తమ పాటలతో కొత్తరకం ప్రదర్శన ఒకటి తలపెట్టినప్పుడు, దానికోసం రెండు కొత్త పాటలు ఉంటే బాగుంటుందని అనుకున్నారు. 2018 ఏప్రిల్‌లో ఆ సంగతి లోకానికి చెప్పారు. రెండు పాటలు పాడేసరికి మరికొన్ని పాడాలనిపించింది. చివరికి పది పాటలు అయాయి. 2021 నవంబరు 5న "వోయేజ్" అనే పేరుతో ఆల్బం వచ్చింది. వోయేజ్ అంటే సముద్రప్రయాణం. "ది విజిటర్స్" తరవాత సరిగ్గా నలభై ఏళ్ళకు! ఆ రోజుకు అగ్నెతాకు 71 ఏళ్ళు, బెన్నీకి 74, ఫ్రీదాకు 75, బ్యోర్న్‌కు 76.

ఆ ఆల్బం ఎలా ఉన్నది? నేను అన్ని పాటలూ విన్నాను. పదీ ఒక్క స్థాయిలో లేవు. కొందరు విమర్శకులు "పాత ధోరణే" అని పెదవి విరిచారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఈనాటి పాటలతో పోటీపడాలని మేము అనుకోలేదని బెన్నీ, బ్యోర్న్ కూడా చెప్పారు. ఐనా బ్రిటనులో అది మొదటి స్థానానికి వెళ్ళింది. అమెరికాలో రెండో స్థానం వచ్చింది. వాళ్ళ మంచి రోజులలో కూడా అక్కడ ఏ ఆల్బముకూ అంత పై స్థానం రాలేదు. అందులోని మొదటి పాటను గ్రామీ బహుమతికి పరిశీలించారు. బహుమతి రాలేదనుకోండి. కాని యౌవనంలో ఒక్కసారి కూడా రాని ఆ పరిశీలన డెబ్బై దాటాక వచ్చింది.

ఆ పాటలలో మూడింటి సంగతి చెబుతాను. తేనెటీగల జాతికే చెందిన బొద్దుటీగ మీద ఒక పాట ఉన్నది. వాతావరణం మారిపోయి, తోటలో ఆ ఈగ కనిపించని రోజు వస్తుందేమోనన్న దిగులు అందులో ఉన్నది. "లిటిల్ థింగ్స్" అనే క్రిస్మసు పాటలో బడిపిల్లలు వాళ్ళతో గొంతు కలిపారు. దాని హక్కుల సొమ్మును కూడా యునిసెఫ్‌కే ఇచ్చారు. 1979లో చేసిన పనిని మరిచిపోలేదన్నమాట. మూడోది "జస్ట్ ఎ నోషన్". దీనిలోని గొంతులు 1978లో పాడి పక్కన పెట్టినవి. వాద్యం మాత్రం కొత్తగా వాయించారు. పడుచు గొంతులకు ముసలి చేతులు తోడయాయి!

మిగిలిన పాటలలో ఉన్నవి వయసుమళ్ళిన గొంతులు. మా మనమరాలు "లావుగా ఉన్నాయి" అన్నది వీటినే. మన గొంతులో స్వరతంత్రులు అనే రెండు మడతలు ఉన్నాయి. ఊపిరి తగిలి అవి కంపిస్తే మాట పుడుతుంది. వీణకు మెట్లమీద వాయించే తంతులు నాలుగు ఉంటాయి గదా! సన్నగా, బిగువుగా ఉన్న సారణి పై స్థాయి పలుకుతుంది. లావుగా ఉన్న అనుమంద్రం కింది స్థాయి పలుకుతుంది. వయసుతోపాటు ఆడవారి స్వరతంత్రులు కొంచెం మందమవుతాయి. అందుచేత గొంతు కిందికి దిగుతుంది. పై స్వరాలు అందవు. ఇది జబ్బు కాదు, జుట్టు నెరవటం లాంటిదే. అగ్నెతా, ఫ్రీదా ఆ పై స్వరాలకోసం ఎగరలేదు. తమ గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో అక్కడే నిలబడి పాడారు.

ఇందులో ఒక చమత్కారం చూడండి. 2022 మే 27న లండనులో మొదలైన ఆ ప్రదర్శనకోసం నలుగురూ ఒంటికి అతుక్కునే ప్రత్యేకమైన దుస్తులు వేసుకుని, 160 కెమెరాల ముందు ఐదు వారాలు ఆడిపాడారు. ఆ కదలికలను కంప్యూటరుకు ఎక్కించి, 1979లో తాము ఎలా ఉండేవారో అలాంటి బొమ్మలను తయారుచేయించారు. పెద్ద తెరమీద ఆ బొమ్మలు ఆడుతూ ఉంటే, పక్కన పదిమంది వాద్యగాళ్ళు నిజంగా వాయిస్తారు. చూసేవాళ్ళకు ఎదట మనుషులే ఉన్నట్టు ఉంటుంది. అంటే ముఖాల మీది ముడతలను యంత్రంచేత తీయించగలిగారు. గొంతును కూడా అలాగే సన్నం చేయించవచ్చు, ఈ రోజులలో అది పెద్ద కష్టం కాదు. కాని ఆల్బంలో ఆ పని చేయలేదు. ఆ ముడతను అలాగే ఉంచారు. కలిసి బతికి, విడిపోయి, ఇన్నేళ్ళకు మళ్ళీ స్నేహితులుగా కూర్చున్నవాళ్ళు పాడే పాట అది. 25 ఏళ్ళ గొంతుతో ఆ పాట పాడితే ఎవరు నమ్ముతారు?

మనమరాలి ప్రశ్నకు జవాబు ఇదే. ఐతే ఆ సాయంత్రం నాకు నోరు పెగలలేదు. కారణం చెబుతానన్నాను గదా, ఇప్పుడు చెబుతాను.

నేను ఒక ఊరి హైస్కూలుకు కొత్తగా ప్రధానోపాధ్యాయుడినైనప్పటి మాట. వార్షికోత్సవానికి మా బడిలో పూర్వం సంగీతం చెప్పి రిటైరైన ఒక టీచరుగారు వచ్చారు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆ ఊళ్ళో సగంమంది ఆమె దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళే. ఆమె నా దగ్గరకు వచ్చి, "ప్రార్థన నేను పాడనా, బాబూ?" అని అడిగారు. వేదిక మీద పెద్దలు ఉన్నారు. ఆమె గొంతు వణుకుతుందేమో, పిల్లలు నవ్వుతారేమో, బడి పరువు పోతుందేమో అని నాకు భయం వేసింది. "మీకెందుకండీ శ్రమ? పిల్లలు పాడుతారు," అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆమె కూడా మర్యాదగానే నవ్వి, వెళ్ళి మూడో వరసలో కూర్చున్నారు.

పిల్లలు చక్కగా పాడారు. నేను వేదిక మీదనుంచి చూస్తూనే ఉన్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. తన శ్రుతిలో, తనకు మాత్రమే వినిపించేటట్టు పాడుకుంటున్నారు. పక్కనున్న చిన్నపిల్ల ఒకతె వేదికను చూడటం మాని ఆమెవైపే తిరిగి వింటున్నది. ఆ పిల్లకు తెలిసినది నాకు తెలియలేదు. మరుసటి ఏడు ఆమెను తప్పక పిలవాలనుకున్నాను. మరుసటి ఏటికి ఆమె లేరు.

ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పిన వాణ్ణి, పిల్లలూ! నేను దిద్దుకోలేకపోయిన తప్పు ఇది.

ఈ కథ ఆ సాయంత్రమే మా మనమరాలికి చెప్పాను. అది ఏమీ అనలేదు. లేచి లోపలికి పోయి, "నాయనమ్మా, నువ్వు పూర్వం మంగళహారతి పాడేదానివిటగా?" అని అడగటం వినిపించింది. "ఇప్పుడు గొంతెక్కడిదే!" అని మా ఇంటావిడ కసిరింది. మనమరాలు వదలలేదు. అటకమీది హార్మోనియం దింపించి, నాచేత దుమ్ము తుడిపించింది. మా ఇంటావిడ పూర్వం ఐదు శ్రుతిలో పాడేది. ఆ రోజు ఐదు అందలేదు, నాలుగు కూడా అందలేదు. మూడు శ్రుతి దగ్గర గొంతు కుదురుకున్నది. ఒక చరణం మరిచిపోయింది. ఐనా పాట పూర్తిచేసింది. మనమరాలు ఆ పాటను ఇప్పుడు నేర్చుకుంటున్నది. మరిచిపోయిన చరణంకోసం మా ఇంటావిడ వాళ్ళ అక్కగారికి ఫోను చేసింది. ఆవిడ ఫోనులోనే పాడి వినిపించింది!

మీ ఇంట్లో కూడా ఒకప్పుడు పాడి, ఇప్పుడు మానేసినవాళ్ళు ఎవరైనా ఉండవచ్చు. అమ్మమ్మ కావచ్చు, పక్కింటి తాతగారు కావచ్చు. అడగండి. శ్రుతి దించి ఇవ్వండి. తొందరపెట్టకండి, నవ్వకండి. అబ్బావారికి అడగటానికి లోకమంతా ఉన్నది. మీ అమ్మమ్మను అడగటానికి మీరే ఉన్నారు.

చేసి చూడండి: ఇంట్లో రెండు సెల్‌ఫోన్లు ఉంటే, ధ్వని పుట్టించే సాధనాన్ని పెద్దవాళ్ళచేత రెండింటిలోనూ పెట్టించండి. ఒకదానిలో 440, రెండోదానిలో 442 కంపనాలు పెట్టి, రెండూ ఒకేసారి మోగించండి. మోత ఎన్నిసార్లు పెరిగి తగ్గుతున్నదో పది సెకన్లపాటు లెక్కపెట్టండి. ఇరవై రావాలి. తరవాత 442ను 441 చేయండి. ఇప్పుడు పది సెకన్లకు ఎన్ని వస్తాయి? ముందు ఊహించి, కాగితం మీద రాసుకుని, ఆ తరవాత విని సరిచూసుకోండి. ఫోన్లు లేకపోతే ఇద్దరు స్నేహితులు "స" పట్టుకుని నిలబడండి. ఒకరు కదలకుండా ఉంటే, రెండోవారు గొంతును మెల్లిగా పిసరంత పెంచాలి. చెవిలో గిలగిల పుడుతుంది. విస్పందనాలు అవే.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ
మాస్టారు